కింది వాడకు పిలుపు

నా పదవీ విరమణకు ఇంకా రెండు వానాకాలాలు ఉన్నాయనగా, ఒక మే నెల చివర, నన్ను వికారాబాద్ జిల్లాలో విపత్తు సన్నద్ధత శిక్షణకు మాస్టర్ ట్రైనర్‌గా వేశారు. అంతకుముందు నా ఉద్యోగమంతా నీళ్లతోనే గడిచింది. బోర్లలో నీటిమట్టం కొలవడం, వాగుల్లో ప్రవాహం లెక్కగట్టడం, ఏ వాన ఎంతసేపటికి ఎక్కడికి చేరుతుందో అంచనా వేయడం నా వృత్తి. మాస్టర్ ట్రైనర్ అన్న మాట వినడానికి పెద్దగా ఉంటుంది కానీ, హోదా చూస్తే తహసీల్దారుకు కింద, పంచాయతీ కార్యదర్శికి పైన, మధ్యలో వేలాడే పదవి. జీపు ఒక శాఖది, డ్రైవరు ఇంకో శాఖవాడు, డీజిలు ఎవరు పోయించాలో నెలాఖరు దాకా తేలేది కాదు. ఆఫీసు వికారాబాద్‌లో, పని మాత్రం జిల్లా నలుమూలలా.

ఆ పనేమిటో ముందు చెప్పాలి. ఊరికి వచ్చే ముప్పులను ఆ ఊరివాళ్లే గుర్తించి, వాళ్లే పటం గీసుకుని, ఆపద వస్తే ఎవరు ఏం చేయాలో ముందే ఒప్పందానికి వచ్చేలా చేయడం. ఉపగ్రహం తీసిన చిత్రాలు మా దగ్గర ఉండేవి. అవి చాలా బాగుంటాయి. బీరువాలో ఇంకా బాగుంటాయి. ఊరివాళ్లు తమ చేత్తో గీయని పటాన్ని ఊరు పట్టించుకోదని పైవాళ్లు అప్పటికే గ్రహించారు కాబట్టే మాలాంటి వాళ్లను పంపారు.

పద్ధతి నాలుగు అంచెలుగా ఉండేది. మొదటిది ఊరి నడక. అన్ని వాడల నుంచి కొందరిని వెంటబెట్టుకుని, ఊళ్లో అతి పల్లమైన చోటు నుంచి అతి మెరక అయిన చోటు దాకా నడిచి, దారిలో కనిపించినవన్నీ చర్చించుకోవడం. రెండోది ముప్పు పటం. ఖాళీ స్థలంలో నేల అలికించి, ముగ్గుపిండితో ఊరిని గీయడం. మూడోది దళాలు వేయడం. హెచ్చరించేవాళ్లు కొందరు, తరలించేవాళ్లు కొందరు, దెబ్బ తగిలితే కట్టు కట్టేవాళ్లు కొందరు. చివరిది మాక్ డ్రిల్, అంటే ఆపద వచ్చినట్టు ఊహించుకుని ఉత్తుత్తిగా అంతా చేసి చూడడం. ఆ తర్వాత నేలమీది పటాన్ని చార్టుకు ఎక్కించి ఒకటి పంచాయతీలో, ఒకటి తహసీల్దారు ఆఫీసులో పెట్టాలి.

ముప్పు అన్నిచోట్లా ఒకటి కాదు. నవాబుపేట వైపు ఊళ్లలో చెరువు కట్టల గురించి మాట్లాడుకునేవాళ్లం. బంట్వారం చేలల్లో పిడుగుల భయం. ఉరుము వినగానే చెట్టు కిందికి పరుగెత్తే అలవాటు మాన్పించడానికి నా గొంతు పోయినంత పనైంది. తాండూరు దగ్గరికి వస్తే నాపరాయి గనులు. తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, తీసిపారేసిన రాతి ముక్కలు వాగుల ఒడ్డున గుట్టలుగా పడి నీటి దారిని ఇరుకు చేస్తాయి.

నేను చెప్పబోయే ఊరు యాలాల్ మండలంలోది. పేరు రాయను. ఆ ఊరివాళ్లకు ఎలాగూ తెలుసు, మిగతావాళ్లకు అవసరం లేదు. ఊరి పక్క నుంచి పోయే వాగు దిగువన కాగ్నలో కలుస్తుంది. ఊరు రెండు భాగాలు. గడ్డ మీద పాత ఇళ్లు, పంచాయతీ, బడి. వాగు వైపు పల్లంలో కింది వాడ. కింది వాడలో ముస్లింలు, గనుల్లో పనిచేసే రకరకాల కుటుంబాలు కలిసే ఉంటారు. అక్కడి ఇళ్ల గోడలు బండ ముక్కలను మట్టితో పేర్చి కట్టినవి. ఎండలో ఇనుములా ఉంటాయి. వరద నీళ్లు ఆ మట్టిని తాగితే ఏమవుతుందో చెప్పడానికి నా డిగ్రీ అక్కర్లేదు.

ఆ ఊళ్లో మాకు చేదోడు అనసూయ. మహిళా సంఘాల లెక్కలు చూసే మనిషి, గడ్డ మీద ఉంటుంది, రెండు వాడల్లోనూ మాట చెల్లుతుంది. నడక ఆమె వల్లే సజావుగా సాగింది. పటం దగ్గర మాత్రం మొదటి రోజే చుక్కెదురైంది. మాకిచ్చిన సూచనల ప్రకారం ఎక్కువ ముప్పున్న ఇళ్ల మీద ఎర్ర రంగు చల్లాలి. నేను చల్లి ఇటు తిరిగేలోపు ఆ ఎరుపును ఎవరో కాలితో చెరిపేశారు. మళ్లీ చల్లాను, మళ్లీ పోయింది. ఇంతకూ సంగతేమిటంటే, అంతకుముందు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూల్చాల్సిన గోడల మీద ఎర్ర గీతలే పెట్టారట. ఎరుపు పడిన ఇల్లు పోయినట్టేనని ఊరి లెక్క. సరేనని ఎరుపు తీసేసి పసుపు తెప్పించాను. పసుపు చల్లితే అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. సూచనల్లో పసుపు అంటే తక్కువ ముప్పు. ఆ చార్టు చూసి తహసీల్దారు ఆఫీసులో అయోమయపడకుండా కింద ఒక గమనిక రాయాల్సి వచ్చింది.

దళాలు వేశాం, పేర్లు రాశాం. వాగు పొంగితే మసీదు మైకులో చెప్పాలని, కింది వాడవాళ్లంతా గడ్డ మీది బడికి వెళ్లాలని నిర్ణయించాం. కాగితం మీద అంతా చక్కగా కుదిరింది.

డ్రిల్ నాడు పరిశీలకుడిగా నాయబ్ తహసీల్దారు వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, చేతిలో స్టాప్‌వాచ్. అనుకున్న వేళకు మైకులో చాటింపు వేశారు. నీళ్లొస్తున్నాయి, కింది వాడవాళ్లు బడికి పోవాలి అని తెలుగులోనూ, దక్కనీ ఉర్దూలోనూ స్పష్టంగా చెప్పారు. నేను బడి గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. పైగా నా కళ్ల ముందు నుంచే గడ్డ మీదివాళ్లు గుంపులుగా కిందికి దిగిపోతున్నారు. ఆడవాళ్లు కొంగులు బిగించుకుని, ముసలివాళ్లు కర్రలు పట్టుకుని, కిందికే.

నేనూ వెనకాలే దిగాను. కింది వాడలో చూద్దును కదా, గడపగడపకూ జనం. మంచాలు బయట వేశారు. ఒక ఇంట్లో అప్పుడే చాయ్ కాగుతోంది. నాయబ్ తహసీల్దారు నవ్వు ఆపుకుంటూ, మేడం, వరద ప్రాంతంలో వరదకు ముందు కంటే ఇప్పుడే ఎక్కువమంది ఉన్నారు అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గడ్డ మీది నుంచి వచ్చిన ఒక పెద్దాయనను ఆపి, మిమ్మల్ని ఎవరు దిగమన్నారని గట్టిగానే అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"నీళ్లొచ్చినయంటే వాళ్లకు ఆపద గద మేడం. ఆపదొచ్చిందని ఇన్నంక గూడ ఇంట్ల కూసుంటమా?"

మరి మీరెందుకు కదల్లేదని కింది వాడవాళ్లను అడిగాను. జవాబు ఖాజా బీ చెప్పింది. ఆమెది వాగుకు అందరికంటే దగ్గరి ఇల్లు. ఊరందరికీ జాకెట్లు కుట్టే మనిషి. భర్త మహబూబ్ గనిలో బండ జారి నడుము విరిగినప్పటి నుంచి మంచంలోనే ఉన్నాడు. ఇంటికి మంది వచ్చారు, వచ్చినవాళ్లను నిలబెట్టి తామెక్కడికి పోతామని ఆమె ఎదురు అడిగింది. వచ్చినవాళ్ల సంగతి సరే, అసలు బడికి పోయే ఉద్దేశం ఉందా అన్నాను. అప్పుడామె చేతిలోని కత్తెర మిషను మీద పెట్టి చెప్పింది.

"బడికి పోయి పండుకొనీకె మేమేమన్న దిక్కులేనోళ్లమా? పిలిస్తె పోతం గని, తోలితె పోతమా మేడం?"

ఆ రోజు వికారాబాద్ తిరిగి వెళుతూ తాండూరు దాకా ప్రతి గుంతకూ డ్రైవరును కసిరాను. తాండూరు దాటాక కోపం కాస్త దిగింది. దిగాక ఆలోచన మొదలైంది. ఆ ఊరు తప్పేమీ చేయలేదు. ఎవరింట్లోనైనా ఏదైనా జరిగితే ఆ ఇంటికి వెళ్లడం ఊరి మర్యాద. పిలవని చోటికి వెళ్లకపోవడం ఇంకో మర్యాద. ఆ రెండు మర్యాదలకూ ఎదురు నిలిచే పథకం నేను తయారుచేశాను. ఎదురు నిలిస్తే ఏది ఓడిపోతుందో ఆ సాయంత్రం కళ్లారా చూశాను.

మర్నాడు అనసూయకు ఫోన్ చేసి, పిలుపే కావాలంటే పిలుపే పెడదామన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది. ఎట్లా చేయాలో కూడా ఆమే చెప్పింది. పెళ్లికి ఇంటింటికీ తిరిగి పిలిచినట్టే, గడ్డ మీది ప్రతి ఇల్లూ కింది వాడలోని ఒక ఇంటిని ముందుగానే పిలవాలి. వాన ముదిరి వాగు పొంగితే మా ఇంటికి రండి అని. బొట్టు పెట్టే ఇంటికి బొట్టు పెట్టి, ముస్లింల ఇళ్లలో చేతిలో ఇంత చక్కెర పోసి. ఇది ఎక్కడా ఉన్న ఆచారం కాదు, మా అవసరానికి ఆ ఫోన్‌లో పుట్టింది.

ఈ మార్పుకు తహసీల్దారు గారిని ఒప్పించడం ఒక పెద్ద పని. ప్రభుత్వ బడి ఉండగా ప్రైవేటు ఇళ్లకు తరలింపేమిటని ఆయన అభ్యంతరం. పథకం నమూనాలో పునరావాస కేంద్రం అనే గడి ఉంది, ఆతిథ్యం అనే గడి లేదు. నేను ఆయనతో వాదించలేదు. బడిని రెండో ఏర్పాటుగా ఉంచుతాను, మొదటి ఏర్పాటు విఫలమైతే నా పేరు రాసుకోండి అన్నాను. వయసులో పెద్దదాన్ని, రిటైరవబోతున్నదాన్ని, పేరు రాసుకుని ఆయన మాత్రం చేసేదేముంది. ఒప్పుకున్నారు.

మళ్లీ నేల అలికి పటం గీశాం. ఈసారి కింది వాడ ఇంటి నుంచి గడ్డ మీది ఇంటికి ఒక్కో పసుపు గీత. ఏ ఇంటికి ఏ ఇల్లు అన్నది దూరాన్ని బట్టి, దారిని బట్టి, ఇంట్లో ఎంతమంది పడతారన్నదాన్ని బట్టి తేల్చాలి. అది సాంకేతిక విషయమని నేను గంభీరంగా కూర్చున్నాను. అక్కడేమో నవ్వులే నవ్వులు. గురక పెట్టేవాళ్లను మాకొద్దని ఒకామె, మా అత్తను కూడా తీసుకుపొండి, తిరిగి పంపాల్సిన పని లేదని ఇంకొకామె. అలా ఆటపట్టించుకుంటూనే గీతలన్నీ పూర్తిచేశారు. ఒక్క గీత మిగిలిపోయింది. ఖాజా బీ ఇంటిది.

ఆ ఇంటి విషయంలో నాకు ఎంపిక లేదు. మహబూబ్‌ను మంచంతో సహా మోయాలి. కింది వాడ నుంచి పైకి వచ్చే దారుల్లో బండలు పరిచిన వాలు దారి ఒక్కటే. మిగతావన్నీ మెట్లు. ఆ వాలు దారి తిన్నగా వెళ్లి ఆగేది సాయమ్మ ఇంటి ముందు. సాయమ్మ గడ్డ మీది రైతు కుటుంబం పెద్ద. భర్త పోయాక కందిచేలూ ఇల్లూ తనే నడుపుతోంది. విశాలమైన వరండా, మనసు కూడా ఇరుకు కాదు. అయినా ఆ రెండిళ్ల మధ్య కొన్నేళ్లుగా మాటల్లేవు.

కారణం కూడా పిలుపే. సాయమ్మ కొడుకు పెళ్లికి ఆ ఇంటి ఆడవాళ్ల జాకెట్లన్నీ ఖాజా బీయే కుట్టింది. పెళ్లికి మాత్రం పిలుపు రాలేదు. పిలవడానికి పంపిన చుట్టం కింది వాడ దాకా దిగకుండానే తిరిగొచ్చాడని, ఆ సంగతి తనకు తర్వాతెప్పుడో తెలిసిందని సాయమ్మ చెబుతుంది. తెలిశాకైనా ఒక్క మాట అనలేదని ఖాజా బీ చెబుతుంది. అప్పటి నుంచి ఖాజా బీ పైకి రావాలంటే చుట్టూ తిరిగి మెట్ల దారిన వస్తుంది కానీ సాయమ్మ గడప ముందు నుంచి రాదు. ఎవరిది తప్పని నేను విచారించలేదు. అది నా శాఖ కాదు.

సాయమ్మను అడిగాను. ఆమే మాట్లాడదు, నేనెందుకు దిగాలి అంది. ఖాజా బీని అడిగాను. పిలవని ఇంటికి మంచం మోయించుకుని పోవడం కంటే ఉన్నచోటే ఉంటామంది. మంచంలోని మనిషి మాత్రం కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. నాకు నిజంగా భయం వేసింది ఆ రోజే. వాగు ఎంత ఎత్తుకు వస్తుందో లెక్కగట్టగలిగినదాన్ని, ఆ మంచం ఎత్తెంతో కూడా నాకు తెలుసు. ఆ లెక్కలో ఆయన మిగలడు.

బతిమాలడం నాకు రాదు. నాకు తెలిసింది పద్ధతి ఒక్కటే. మా శిక్షణలో మోత పరీక్ష అని ఒకటి ఉంటుంది. నడవలేనివాళ్లను తరలించే దారిని, మనిషి బరువున్న వస్తువును మోసి ముందే సరిచూసుకోవాలి. ఖాజా బీకి సాయమ్మ ఇల్లు కుదరకపోతే మెట్ల దారిలో పైనున్న ఇంకో ఇల్లే గతి. కాబట్టి ఆ దారికే పరీక్ష పెట్టాను. మంచం మీద ఒక కందుల బస్తా కట్టి నలుగురు మగవాళ్లను మోయమన్నాను. ఆ బస్తా సాయమ్మ ఇంటి నుంచే తెప్పించాను. తన బస్తా కదా, ఆమె చూడటానికి వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది.

సగం దాకా బాగానే ఎక్కారు. మలుపు దగ్గర మంచం తిరగలేదు. ముందున్న ఇద్దరు ఒక మెట్టు పైన, వెనకున్న ఇద్దరు ఒక మెట్టు కింద. మంచం ఒరిగింది, కట్టు జారింది, బస్తా మెట్ల మీద పడి చిరిగి కందులు కింది దాకా దొర్లాయి. ఎండలో, పొడి మెట్ల మీద, ఏ వానా లేనప్పుడు. మోసినవాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. సాయమ్మ వంగి కందులు కొన్ని చేటలోకి ఎత్తింది. తర్వాత ఎత్తడం ఆపేసి ఆ మెట్ల మీదే కూర్చుంది. నేను నా కాగితంలో దారి పనికిరాదని రాసి, అందరికీ వినపడేలా చదివి, జీపెక్కాను. పథకం వేసి ఆ పని చేశానని ఎవరైనా అంటే కాదనను.

రెండు రోజులకు అనసూయ ఫోన్ చేసి, పిలుపులు మొదలయ్యాయి, చూడడానికి రమ్మంది. వెళ్లేసరికి గడ్డ మీది ఆడవాళ్లు పళ్లేల్లో కుంకుమ, పసుపు, చక్కెర పట్టుకుని కింది వాడలో తిరుగుతున్నారు. పెళ్లివారి హడావుడి. నేను ఖాజా బీ ఇంటి ఎదుటి అరుగు మీద కూర్చున్నాను. అందరి ఇళ్లూ అయ్యాక సాయమ్మ వచ్చింది. వెంట కోడలు. గడప ఇవతల నిలబడి, మిషను కుడుతున్న మనిషితో ముఖాముఖి చెప్పింది.

"అప్పుడు పిలువకపోతిమి. గది నా తప్పే. గిప్పుడు పిలుస్తున్న. వాగు లేస్తె మీరిద్దరు మా ఇంటికి రావాలె. ఆయనను మా వరండల పండవెడ్త."

ఖాజా బీ మిషను ఆపింది. దారం తెంపి, గుడ్డ మడిచి పక్కన పెట్టింది. చివరికి లేచి వచ్చి చెయ్యి చాపింది. సాయమ్మ కోడలు చక్కెర పోయబోతే సాయమ్మ ఆ పళ్లెం తీసుకుని తనే పోసింది.

"వస్తం అక్కా," అంది ఖాజా బీ.

పటం మీద ఆఖరి పసుపు గీత ఆ పూటే గీశారు. రెండో డ్రిల్ పెట్టాం. ఈసారి చాటింపు మాటలు మార్చాం. పొమ్మనే మాట తీసేసి, మిమ్మల్ని పిలిచినవాళ్లు ఎదురుచూస్తున్నారు, రండి అని పెట్టాం. గడ్డ మీదివాళ్లకు ఒకే నియమం. కిందికి దిగకూడదు, మీ చుట్టాల కోసం మీ గడపలో నిలబడాలి. నాయబ్ తహసీల్దారు స్టాప్‌వాచ్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. చూస్తుండగానే కింది వాడంతా పైకి చేరితే, ఇంకోసారి చేయిస్తారా, నేను సరిగా చూడలేదు అన్నాడు.

అసలు వాన ఆగస్టులో వచ్చింది. ఆ రోజు నేను తాండూరులో వేరే శిక్షణలో ఉన్నాను. ఎగువన రాత్రి నుంచి కురుస్తోందని తెలిసి, శిక్షణ ఆపేసి మధ్యాహ్నం బయల్దేరాను. కాగ్న మీది వంతెన దగ్గరే బండ్లన్నీ ఆపేశారు. ఎర్రటి నీళ్లు వంతెనను ఒరుసుకుంటూ పోతున్నాయి. పక్కనున్న చాయ్ హోటల్‌లో కూర్చుని అనసూయకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. కలవడం లేదు. ఉద్యోగమంతా నీళ్లను కొలిచి బతికినదాన్ని, ఆ పూట ఆ నీళ్లను చూడలేక గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ ఊళ్లో జరిగింది నాకు తర్వాత తెలిసింది. వాగు నీళ్లు రాతి గుట్టల మధ్య ఇరుక్కుని ఎత్తు పెరగడం చూసి హెచ్చరిక దళం మైకు అందుకుంది. కింది వాడ కదిలింది. పిల్లలు, మేకలు, కుట్టు మిషన్లు, ఎవరి చుట్టాల ఇంటికి వాళ్లు. ఖాజా బీ మంచం మోయాల్సిన నలుగురిలో ఇద్దరు ఆ పూట తాండూరులో బండల పాలిష్ పనికి పోయి అటే చిక్కుకున్నారు. సాయమ్మ నియమం ప్రకారం గడపలోనే నిలబడింది. అందరూ పైకి వస్తున్నారు, ఆ మంచం ఒక్కటే రావడం లేదు. ఇక నిలబడలేక, కొడుకును, కోడలిని తీసుకుని వాలు దారిన దిగింది. మంచానికి ఒక మూల తను, ఒక మూల కొడుకు, మిగతా రెండు మూలలు ఉన్న ఇద్దరు. కోడలు, ఖాజా బీ పక్కల నుంచి పట్టుకున్నారు. నీళ్లు గడప దాటేసరికి మంచం వాలు దారి మీద ఉంది. పొద్దు వాలకముందే ఖాజా బీ ఇంటి వెనక గోడ కూలి, మంచం వేసి ఉండే చోటే పడింది.

అనసూయ ఫోన్ కలిసేసరికి నా చాయ్ చల్లారి మీగడ కట్టింది. ఆమె ఒక్కటే మాట చెప్పింది. "మేడం, కింది వాడ ఖాళీ. అందరు చుట్టాలిండ్లల్ల ఉన్నరు." మహబూబ్ గురించి నేను అడగకముందే ఆమే చెప్పింది, సాయమ్మ వరండాలో జొన్నరొట్టె తింటున్నాడని.

కాసేపటికి వికారాబాద్ కంట్రోల్ రూం నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఊరి పునరావాస కేంద్రంలో ఎంతమంది ఉన్నారని అడిగారు. ఒక్కరూ లేరన్నాను. అటువైపు అధికారి గొంతు మారింది. వాడ మునిగిందని ఇప్పుడే సమాచారం వచ్చింది, ఇంతమందీ ఏమయ్యారు మేడం అన్నాడు. పిలిచిన ఇళ్లకు వెళ్లారు, పేరుపేరునా చెప్పమంటే చెబుతాను అన్నాను. చెప్పాను కూడా. ఏ ఇంటివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో నాకు పటం చూడకుండానే వచ్చు. నా ఉద్యోగంలో ఎన్నో నివేదికలు చదివి వినిపించాను. అంత గర్వంగా ఇంకేదీ చదవలేదు.

మర్నాడు వంతెన తెరిచాక వెళ్లాను. మహబూబ్ వరండాలో పక్కకు ఒత్తిగిలి నేల పరిశీలిస్తున్నాడు. బండలు పరిచినవాడికి పని రాదని, అతుకులన్నీ వంకరని సాయమ్మతో అంటున్నాడు. నువ్వే దగ్గరుండి చెప్పు, మళ్లీ పరిపిస్తానని సాయమ్మ అంటోంది. ఖాజా బీ లోపల పొయ్యి దగ్గర ఉంది. నియమం తప్పి కిందికి దిగినందుకు సాయమ్మను మందలించాలి నిజానికి. నేను ఆ మాట ఎత్తలేదు. దానికి బదులు మోసేవాళ్ల పేర్లు ప్రతి మంచానికి ఆరుకు పెంచాను. ఇద్దరు ఊళ్లో లేకపోయినా నలుగురు మిగలాలని. ఆ మార్పును తర్వాత మిగతా ఊళ్లలోనూ చేయించాను.

మరుసటి ఏడు, నా ఆఖరి వానాకాలానికి ముందు, శిక్షణ గుర్తుచేద్దామని ఆ ఊరికి వెళితే నా కోసం ఎవరూ ఆగలేదు. మిరుగం నాడే, అంటే మృగశిర కార్తె మొదలైన రోజే, పిలుపులు అయిపోయాయని అనసూయ చెప్పింది. కొత్తగా కింది వాడకు వచ్చిన ఒక కుటుంబానికి ఇల్లు ఏదని అడిగితే, అదీ కుదిరిందంది. చేసేదేమీ లేక చాయ్ తాగి వచ్చేశాను. ట్రైనర్‌కు అంతకంటే మంచి రోజు ఉండదు.

విరమణ తర్వాత ఈ పని నేర్చుకునేవాళ్లతో మాట్లాడమని ఎవరైనా పిలిస్తే వెళతాను. వాళ్లకు చెప్పేది ఒకటే. ముప్పు పటం గీసేటప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో మొదట అడగండి. అది వాగు చెబుతుంది, కొలత పరికరం చెబుతుంది. ఆ వెంటనే, పల్లంలో ఉన్న ప్రతి మనిషి గురించీ, ఎవరు పిలిస్తే ఈ మనిషి ఇల్లు వదిలి వెళతాడో అడగండి. దానికి ఒక పేరు దొరకకపోతే ఆ పటం ఇంకా పూర్తి కాలేదు. సంతకం పెట్టకండి.